కొత్త పుస్తకాలకు పసుపు బొట్టు

దసరాల్లో, సరస్వతీ పూజ రోజున నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. కెనడాలో, ఒంటారియోలో ఒక చిన్న ఊరు అది. బస్సెక్కితే సగం మంది మన పిల్లలే కనిపించే రోజులు. అమెరికా చరిత్ర, సాహిత్యంలో మాస్టర్స్ చదువుతూ, యూనివర్సిటీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు లేబుళ్లు అంటించేదాన్ని. మా శాఖ పుస్తకాలన్నీ ముందు నా చేతుల్లోనే తెరుచుకునేవి. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ పని ఇప్పించింది ఒక అంకుల్. కాకినాడ మనిషి. మా యూనివర్సిటీలోనే ముప్పయ్యేళ్లు అమెరికా చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇల్లు అమ్మి చిన్న కాండో ఫ్లాట్‌లోకి మారుతూ, బేస్‌మెంట్‌లోని పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్ది లైబ్రరీకి ఇచ్చేశారు. అవి నా బల్ల పక్కనే, గోడకు చేర్చి ఉండేవి.

పూజ రోజు లైబ్రరీకి వెళ్లేసరికి బండి నిండా కొత్త పుస్తకాలు. పత్తిమిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ల చరిత్ర, చర్చి పాటల మీద లావుపాటి పరిశోధన, ఎవరో కొత్త కవయిత్రి రాసిన సన్నటి సంపుటి. ఇంకా అచ్చువాసన పోలేదు. కొత్త పుస్తకాన్ని పసుపు పెట్టకుండా చదవడం మా ఇంట్లో ఎరగం. పొద్దున పూజ చేసిన పసుపు పొట్లం బ్యాగులోనే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. నీళ్లసీసా మూతలో పసుపు కలిపి, పన్నెండు పుస్తకాలకూ లోపలి అట్ట మూలన బొట్టు పెట్టి, కళ్లకద్దుకున్నాను. ఎంతో పుణ్యం మూటగట్టుకున్నానని కూడా అనుకున్నాను.

సోమవారానికి ఆ పన్నెండూ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఉన్నాయి.

"మోల్డ్," అంది మా సూపర్‌వైజర్. "బూజు పట్టింది. కాగితం ఉబ్బింది, మూలల్లో మచ్చలు చూడు. ఆ పాత పెట్టెల నుంచే అంటుకుని ఉంటుంది. గురువారం ఎక్స్‌పర్ట్ వచ్చి టెస్ట్ చేస్తాడు. నువ్వు మాత్రం చేతులు బాగా కడుక్కో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. గోరు చివర పసుపు ఇంకా పోలేదు. టెస్టులో అది పసుపని తేలితే, పెట్టిందెవరని ఆ గదిలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ఇంటికొచ్చి రూమ్మేట్‌కి చెప్పాను. వరంగల్ పిల్ల, నాకంటే ఏడాది ముందొచ్చింది.

"నువ్వైతే ఏం చెప్పకు," అంది. "మా క్లాస్‌మేట్‌ను ఇంతకన్నా చిన్నదానికే హియరింగ్‌కు పిలిచిండ్రు. యూనివర్సిటీ బుక్స్ డ్యామేజ్ చేసినవంటే ఊకుంటరా? స్టడీ పర్మిట్ పోతే ఏం ముఖం పెట్టుకొని ఇంటికి పోతవ్?"

"అంకుల్ ఇచ్చిన పుస్తకాలను లైబ్రరీవాళ్లు పారేస్తారేమో."

"పాత బుక్సే కదనే!"

పాతవే కదా. ఆ మాట పట్టుకుని మూడు రోజులు గడిపాను. ఫోన్‌లో ఈమెయిల్ మోగితే తెరవకుండా బోర్లా పెట్టేసేదాన్ని. ఎవరైనా నా పేరు పిలిస్తే, అయిపోయింది, తెలిసిపోయింది అనుకునేదాన్ని. నాకు అంత భయం ఉందని అంతకుముందు నాకే తెలియదు.

గురువారం మాత్రం చెప్పేద్దామనే బయలుదేరాను. బస్సులో నాలుగు ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేసుకున్నాను. గదిలోకి వెళ్లేసరికి ఎక్స్‌పర్ట్ ఇంకా రాలేదు. అంకుల్ మాత్రం కూర్చుని ఉన్నారు. సూపర్‌వైజరే పిలిపించింది. సంచి విప్పి, కవితల పుస్తకం తెరిచి, ఆయనకు మూల చూపించింది.

ఆయన కళ్లజోడు తీసి వంగి చూశారు. వేలితో రాసి, వాసన చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"టెస్ట్ ఎందుకు?" అన్నారు ఆవిడతో ఇంగ్లీషులో. "మా బేస్‌మెంట్ నిండా చెమ్మే. తప్పు నాదే. నా పెట్టెలన్నీ తీసేయండి." ఆ గొంతుతోనే, ముఖం మార్చకుండా నాతో తెలుగులో, "నువ్వేం మాట్లాడకమ్మా. నా చదువు అయిపోయింది, నీది ఇంకా అవలేదు" అన్నారు.

వల్లె వేసుకున్న వాక్యాలు నోట్లోనే ఉన్నాయి. ఒక్కటి అంటే చాలు.

సూపర్‌వైజర్ నా వైపు తిరిగి, "గ్లవ్స్ వేసుకుని ఈ పెట్టెలు కింద రీసైక్లింగ్ డబ్బాల దగ్గరికి దింపగలవా?" అంది.

"యెస్," అన్నాను.

పద్నాలుగు పెట్టెలు. మూడోదాని అడుగు ఊడి ఒక పుస్తకం జారిపడింది. అంచుల నిండా పెన్సిలుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆయన రాసుకున్న నోట్సు. ఒక లైను చదవబోయాను. మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైంది. గబుక్కున మూసి, రీసైక్లింగ్ డబ్బాలో వేసేశాను.