అలెగ్జాండర్, సీజర్, మా ముఠా మేస్త్రి

2019 దాళ్వా, అంటే రెండో పంట, కోతల సమయం. మండపేటలో నేను పనిచేసే రైస్ మిల్లులో బస్తాలు మోసే ముఠాకు కొత్త మేస్త్రి కావలసి వచ్చాడు. నేను వే బ్రిడ్జి గుమాస్తాను. లారీలు తూచే కాటా నా చేతిలో ఉంటుంది. చదువు పదితో ఆగినా లెక్కలు సొంతంగా పట్టుబడ్డాయి. అందుకే ముఠాలోని వీర్రాజు, రాంబాబులలో ఎవరు నయమో తేల్చమని యజమాని నాకు చెప్పారు.

మా పనిలో టర్న్ అరౌండ్ అంటే లారీ గేటులోకి వచ్చి సరుకుతో బయటికి పోయేదాకా పట్టే సమయం. వీర్రాజు ఉన్న రోజున లారీలు ముందే కదిలేవి. అందరితో సమానంగా తనూ మోసేవాడు. రాంబాబు మోసేది తక్కువ, మిగతావాళ్లను చూసుకునేది ఎక్కువ. వీర్రాజే అనుకున్నాను.

ఆ మాటే ధాన్యం తూయించడానికి వచ్చిన మేరీ టీచర్‌గారితో అన్నాను. ఆవిడ లూథరన్ బడిలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు.

"గెలుపులు లెక్కపెడితే అలెగ్జాండర్, సీజర్ ఇద్దరూ ఘనులేనండి. మనిషి తెలియాలంటే చిన్న సంగతులు చూడాలి. ఎడారిలో సైన్యమంతా దాహంతో ఉంటే, ఎవరో అలెగ్జాండర్‌కి మాత్రం నీళ్లు తెచ్చారు. తనొక్కడే తాగనని అతను వాటిని అందరి ముందూ నేల మీద ఒంపేశాడు. సీజర్‌కి తుపానులో ఒంటిగది గుడిసె దొరికింది. జబ్బుగా ఉన్న స్నేహితుణ్ణి లోపల పడుకోబెట్టి, తను చూరు కింద పడుకున్నాడు."

"ఆ నీళ్లు ఎవరికీ దక్కలేదు కదండీ?"

"దక్కలేదు. కానీ సైన్యం లేచి నడిచింది. అన్నీ మీ కాటా మీద తూగవండి," అని నవ్వారు.

"మరి ఎవరు నయమండి?"

"గుడిసెలో పడుకున్న జబ్బుమనిషిని అడగండి."

మా ముఠాలోనూ అలాంటివాడు ఉన్నాడు. సత్తిబాబుకు నడుము పట్టేసి ఏడాదైంది. కూలి తప్ప వేరే ఆధారం లేదు. వెళ్లి అడిగాను.

"రాంబాబు నన్ను బస్తా మూతులు కుట్టే పనిలో పెట్టించాడండి. వీర్రాజూ మంచోడే. తను పది మోస్తే మనమూ పది మొయ్యాలంటాడు. ఆడు మేస్త్రయితే నేను మానుకోడమేనండి."

వీర్రాజునూ అడిగాను, దాచలేదు. "ముఠా కూలి అందరికీ సమంగా పంచుతామండి. మొయ్యనోడికి వాటా ఎలా ఇమ్మంటారు?"

యజమానికి రాంబాబు పేరు చెప్పాను.

"లారీలు ఆలస్యమవుతాయేమోనయ్యా?"

"కొంచెం అవుతాయండి. సత్తిబాబు ఉంటాడు."

ఆయన సరేనన్నారు. లారీలు నిజంగానే కొంచెం ఆలస్యమయ్యాయి. అప్పటినుంచి ఇద్దరు పెద్దల్ని పోల్చమంటే, వాళ్ల కింద అందరికన్నా బలం తక్కువున్న మనిషి దగ్గరికి ముందు వెళ్తున్నాను.