మోగకముందే అచ్చయిన రికార్డు

తొంభైల మొదట్లో నేను రాజమండ్రిలో ఒక దినపత్రికకి విలేకరిని. రోజూ వార్తలు కవర్లో పెట్టి నాలుగు గంటల విజయవాడ బస్సు డ్రైవరు చేతికివ్వాలి. అందుకని సాయంత్రం ఆరింటి సభ గురించి మూడింటికే రాసేసేవాళ్లం. అతిథులెవరో ఆహ్వానంలో ఉండేది. మిగతాది కాగితం మీద మేమే జరిపించేవాళ్లం. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు.

మా ఊళ్లో నలుగురు పాతికేళ్లుగా కలిసి రాక్ వాయించేవారు. రైల్వే గార్డుగా రిటైరైన పెద్దాయన గిటారు పట్టి పాడేవారు. పెళ్లిళ్లలో సినిమా పాటలు, క్రిస్మస్‌కి చర్చి పాటలు. వాళ్లు సొంతంగా కట్టుకున్న పాటలు మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అందరూ క్యాసెట్లకి మారిపోయాక వాళ్లు ఆ పాటల్ని పెద్ద గ్రామఫోను రికార్డుగా వేయించారు.

"రికార్డులు విని నేర్చుకున్నవాళ్లమండి. మాదీ ఒకటి తిరుగుతుంటే చూడాలని," అన్నారు పెద్దాయన ఒక మధ్యాహ్నం వచ్చి, ఆ సాయంత్రమే రికార్డు వినిపించే సభకి ఆహ్వానం ఇస్తూ. "ఇప్పుడు ఇళ్లల్లో ప్లేయర్లు ఎక్కడున్నాయి? ఊరు మా పాటలు వినేది ఇవాళ చర్చి స్కూలు హాల్లోనే. మీరు తప్పకుండా రావాలి."

ఆయన మెట్లు దిగగానే రాశాను: రికార్డు విని శ్రోతలు పరవశించారని, హాలు దద్దరిల్లిందని. కవరు బస్సెక్కింది.

ఆరింటికి చర్చి స్కూలు హాలు నిండింది. రికార్డు మీద ముల్లు ఆనించబోతుండగా కరెంటు పోయింది. గంటసేపు చూశాం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, ఇక రేపేనని కబురొచ్చింది. జనం లేచి వెళ్లిపోయారు. పెద్దాయన కొవ్వొత్తి పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"హాలు రేపు కూడా ఇస్తామన్నారండి. రేపు ఆరింటికని పేపర్లో ఒక్క ముక్క వేయించండి, చాలు."

"అలాగేనండి," అన్నాను.

ఎదురుగానే ఎస్టీడీ బూత్. ఫోన్ చేస్తే పాత వార్త ఆగేది, కొత్త ముక్క పడేది. కానీ జరగనిది రాసి పంపానని విజయవాడ డెస్కుకి చెప్పుకోవాలి. రిసీవరు ఎత్తి, సగం నంబరు నొక్కి, పెట్టేశాను.

మర్నాడు నేను రాసిందంతా అచ్చులో వచ్చింది. మళ్లీ సభ ఉందన్న ముక్క లేదు. అయిపోయిన సభకి ఎవరొస్తారు? సాయంత్రం వెళ్లేసరికి హాల్లో ఆ నలుగురు, వాళ్ల ఇంట్లోవాళ్లు, అంతే.

డ్రమ్ములాయన నన్ను చూసి, "రండి సార్ రండి! నిన్న హాలు దద్దరిల్లిపోయిందట కదా. మా చెవులే పనిచేయలేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన ముందు వరసలో కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టారు. రికార్డు మీద ముల్లు ఆనించారు, పాట మొదలైంది. గోదావరి వంతెన మీద గూడ్సు బండి వెళ్లే మోత డ్రమ్ముల్లో వినపడింది. పాట పైస్థాయికి వెళ్లేచోట ఆయన గొంతుకి జీర వచ్చింది. దాన్ని దాచకుండా రికార్డులో అలాగే ఉంచేశారు. నిజంగా బాగుంది. పరవశించారు అన్న మాట దానికి ఎంతమాత్రం సరిపోదు.

రికార్డు అయిపోయాక తల దించుకునే అన్నాను. "మళ్లీ రాస్తానండి. ఈసారి సరిగ్గా."

"వద్దులెండి," అన్నారాయన, ప్లేయరు తీగ చుట్టుకుంటూ. "ఒకసారి వచ్చేసింది కదా. మళ్లీ రాస్తే మీ ఆఫీసులో అడుగుతారు. ఉద్యోగం చూసుకోండి."

అది ఎత్తిపొడుపు కాదు. అయ్యుంటే బాగుండును.