చేపకి జబ్బు చేసిన రోజులు

ఇంజినీరింగులో చేరడానికి విజయవాడ వెళ్తూ మా అమ్మాయి తన గోల్డ్‌ఫిష్‌ని నాకు అప్పగించింది. అప్పగింతలంటే ఏడుపులుంటాయి కదా, అలాంటివేమీ లేవు. "పూటకి చిటికెడు మేతే. ముద్దొచ్చిందని ఎక్కువెయ్యకు," అంది, అంతే. నాతో మాటలు అప్పటికే తగ్గించేసింది. తనకి పశువైద్యం చదవాలని ఉండేది. ఇక్కడ మస్కట్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఆవుని దగ్గరగా చూసిందే ఊరవతల బర్కా తోటల్లో. "పేడలో చేతులు పెట్టే చదువు మనకెందుకే," అన్నది నేనే. మావారు ఏమీ అనలేదు గాని, ఖురం ఏరియాలో తన ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ సీటుకి దరఖాస్తు నింపేశారు. అలా ఇద్దరం కలిసి పిల్ల మీద గెలిచాం.

గెలిచినవాళ్లకి ఫోన్లో దక్కింది ముక్తసరి మాటలు. తిన్నావా అంటే ఆఁ, హాస్టల్ ఎలా ఉందంటే ఉంది. పెట్టేసే ముందు మాత్రం "చేపెలా ఉంది?" అని అడిగేది. ఆ ఒక్కదానికే జవాబు చివరిదాకా వినేది. నేనూ ఆ జవాబుని కొంచెం సాగదీసి చెప్పేదాన్ని.

సెప్టెంబరులో చేప ఒక మూలకి చేరింది. రెక్కలు ఒంటికి ముడుచుకుని కదలకుండా ఉంటుంది, లేదంటే ఉన్నట్టుండి వెళ్లి రాళ్లకేసి ఒళ్లు రాసుకుంటుంది. మేత వేసినా పైకి రావడం లేదు. నీమీద బెంగ పెట్టుకుందని అమ్మాయికి చెప్పాను. నా బెంగ కూడా చేప పేరు మీద చెప్పేసుకుంటున్నానని నాకు తెలుసు. తను వెంటనే వీడియోలోకి వచ్చింది.

"ఫోన్ గాజు దగ్గరగా పెట్టు. కదపకు. తోక మీద తెల్లగా ఏమన్నా ఉన్నాయేమో చూడు."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు.

"బెంగకి చుక్కలు రావమ్మా. అది తెల్లమచ్చల జబ్బు, ఒంటికి పురుగు పట్టింది. మేత మానేసి ఎన్నాళ్లయింది? ఊపిరి వేగంగా తీస్తోందా? కొత్త మొక్కలేమన్నా తెచ్చి వేశావా?"

వేశాను. అందంగా ఉంటుందని రువి బజారు నుంచి ఒక నీటిమొక్క తెచ్చి, కడగకుండానే వేశాను. తను కోప్పడలేదు. రోగికి వైద్యం చేసేటప్పుడు ఇంట్లోవాళ్లని తిట్టి లాభం లేదన్నట్టు, చెయ్యాల్సినవి చెప్పుకుంటూ పోయింది. ఫిల్టర్‌లో బొగ్గు తీసెయ్యమంది, లేకపోతే మందంతా అదే తాగేస్తుందట. ఉప్పు వెయ్యాలి, ప్యాకెట్ ఉప్పు కాదు, కల్లుప్పు. ఆవకాయ కోసం ఊరి నుంచి మోసుకొచ్చినది ఉంది. దాన్ని గ్లాసులో కరిగించి కొద్దికొద్దిగా పోశాను. మావారు నీలంరంగు చుక్కల మందు తెచ్చారు. అది నా వేళ్లకీ, సింకుకీ, ఆయన తెల్లచొక్కాకీ కూడా పట్టింది.

అప్పటినుంచి రోజూ ఫోన్. రోజూ తోక చూపించాలి, పొట్ట చూపించాలి. చుక్కలు రాలిపోయాక నేను కాస్త నీరసంగానే ఆ కబురు చెప్పాను.

"మందు ఆపొద్దమ్మా. పురుగు ఒంటి మీద ఉన్నంతసేపు దాన్నేమీ చెయ్యలేం. రాలి నీళ్లలో పిల్లలు పెడుతుంది, అప్పుడే చావాలి. ఇంకొన్నాళ్లు వెయ్యి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. చేప సంగతయ్యాక మెస్సులో సాంబారు గురించీ, గదిలో పిల్ల గురక గురించీ కూడా చెప్పేది. నేను నవ్వేదాన్ని. ఎంత బాగా ప్రశ్నలు అడుగుతుందో, తెలియనిది తెలియదని ఎంత తేలిగ్గా అంటుందో వింటుంటే నాకు గర్వంగానూ ఉండేది, గుండె బరువెక్కేది కూడా. మంచి డాక్టరయ్యేది. మేమే కానివ్వలేదు. ఈ మాట తనతో అనాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చేప పూర్తిగా కోలుకున్నాక చెబుదాంలే అనుకున్నాను.

చేప కోలుకుంది. ఫోన్లు మళ్లీ పలచబడ్డాయి. తోకలో ఒక్క చుక్కైనా మళ్లీ కనబడుతుందేమోనని నేను ఆశగా వెతికిన పూటలున్నాయి. తల్లి మనసని సర్దిచెప్పుకోవచ్చు గాని, అదేం మంచి బుద్ధి కాదు.

ఇక్కడ ఎండాకాలం మేడమీద ట్యాంకులో నీళ్లు కాగిపోతాయి. అందుకని గీజర్ ఆపేసి, నీడపట్టున దానిలో నిలవున్న నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటాం. ఎర్రగుర్తు కుళాయి తిప్పితే చల్లన, నీలంగుర్తు తిప్పితే వేడి. చలి మొదలయ్యాక ఎవరో ఒకరు గీజర్ వేస్తారు, కుళాయిలు మళ్లీ తమ గుర్తులకి కట్టుబడతాయి. చేప తొట్టెలో నీళ్లు మార్చడానికి నెలలుగా నేను ఎర్రగుర్తు కుళాయికే పైపు తగిలిస్తున్నాను.

డిసెంబరులో ఒక ఉదయం మావారు "గీజర్ వేశానోయ్," అని చెప్పి మరీ డ్యూటీకి వెళ్లారు. ఆఁ అన్నాను. తర్వాత సగం నీళ్లు తోడేసి, అలవాటు ప్రకారం పైపు తగిలించి, చివర తొట్టెలో ముంచి, కుక్కర్ కూస్తుంటే వంటింట్లోకి వెళ్లాను. పప్పు మెదిపి, పోపు పెట్టి వచ్చాను.

చేప పక్కకి ఒరిగి పైన తేలుతోంది. గాజు ముట్టుకుంటే వేడిగా ఉంది. కుళాయి కట్టేశాను. అంత జబ్బు నుంచి బయటపడ్డ ప్రాణం, నా చేతుల్లో పోయింది.

జబ్బు తిరగబెట్టిందని చెబితే ఎవరూ కాదనరు. మావారు అదే చెప్పమన్నారు. కాని ఆ పిల్ల లక్షణాలడుగుతుంది, అబద్ధపు లక్షణాలు నేను చెప్పలేను. సాయంత్రం ఫోన్ చేసి గీజర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక నాతో మాట్లాడ్డానికి తనకేం మిగిలిందని భయమేసింది.

"నీ చెయ్యేమన్నా కాలిందా అమ్మా?" అంది.

లేదన్నాను. నిజంగానే కాలలేదు. నీళ్లు పడుతున్నంతసేపట్లో ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి ఉంటే కాలేది, చేప బతికేది.