ఆదాముకు ముందటి వెలుగు

మా అంకుల్ మొన్న జూలైలో, మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో పోయారు. నేను పనిచేసే ఆసుపత్రిలో మధ్యాహ్నం షిఫ్టు మొదలవుతుండగా ఆంటీ ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ అంకుల్ పోయారమ్మా. ఇంక ఆయన్ని ఎవరూ ఏమీ అడగక్కర్లేదు" అంది. నేను నర్సుని, చావు కబుర్లు వినడమూ చెప్పడమూ అలవాటైనదాన్ని. అయినా ఫోన్ పెట్టేశాక, ఆ ఫోనున్న గోడ దగ్గరే నిలబడిపోయాను. ఐదేళ్లుగా మా తెలుగు క్రైస్తవ సంఘం ఆయన్ని ఒకే ఒక్క మాట అనమని అడుగుతూ వచ్చింది. ఆయన అనలేదు. అననందుకు ఏం పోగొట్టుకున్నారో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధి చివర వాళ్ల ఇల్లు. పెళ్లయి ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకు కారు నడపడం నేర్పింది ఆయనే. పక్కన కూర్చుని ఒక్కసారి కూడా కేకలెయ్యలేదు. మా ఆయన నేర్పి ఉంటే ఈపాటికి విడాకులయ్యేవి. సొంత ఇంటి గేటులోకి మళ్లడానికి కూడా అంకుల్ ఇండికేటర్ వేసేవారు. "ఎవరూ లేరుగా అంకుల్, ఎవరి కోసం?" అంటే, "నా కోసం వేస్తున్నానమ్మా" అనేవారు.

అక్కడ చీరాల వైపు మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారు. ఇక్కడ హైస్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పేవారు. బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకుతినే విందుకు, అందరూ నిక్కర్లలో వస్తే ఈయన మాత్రం ఇస్త్రీ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. పెరట్లో గోంగూర వేసి, అది చలికి చచ్చిపోతే మళ్లీ వేసి, మళ్లీ చస్తే మళ్లీ వేసేవారు. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకుంటే ఆయన తెరుచుకునే ఉండేవారు. ఎందుకని అడిగితే, "మాట్లాడేటప్పుడు ఎదుటివాణ్ని చూడాలి కదమ్మా" అనేవారు. ఎవరిని చూస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. కిటికీలోంచి క్యాలీఫ్లవర్ తోటలు తప్ప ఏమీ కనపడేవి కావు.

అప్పట్లో మెల్‌బోర్న్ పడమటి వైపు మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు గుప్పెడు. ఆదివారం మధ్యాహ్నం ఒక హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లం. సంఘానికి పెద్ద, అంకుల్‌తో కాలేజీలో ఒకే గదిలో ఉండి చదువుకున్న ఆయనే. అంకుల్ కుటుంబం ఇక్కడ దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్లి, తీసుకొచ్చి, ఇల్లు దొరికేదాకా తన ఇంట్లో పెట్టుకున్న మనిషి. వాళ్లిద్దరూ "ఒరేయ్" అని పిలుచుకుంటుంటే పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు.

సండే స్కూలు అంకుల్‌ది. ఎక్కడైనా సండే స్కూల్లో వాక్యం కంఠతా అప్పజెప్పిన పిల్లకు పిప్పరమెంటు ఇస్తారు. అంకుల్ ప్రశ్న అడిగిన పిల్లకు ఇచ్చేవారు. జవాబు చెప్పినవాళ్లకు ఏమీ లేదు. "జవాబు ఎవరో చెప్పింది తల్లీ, ప్రశ్న నీది" అనేవారు. పిల్లలు ఇంగ్లీషులో అడిగితే ఆయన తెలుగులో చెప్పేవారు. వాళ్లు మళ్లీ ఇంగ్లీషే. ఎవరి భాష వాళ్లది, పాఠం మాత్రం దివ్యంగా సాగేది. పెద్దలకు ఈ పిప్పరమెంట్ల పద్ధతి నచ్చేది కాదు గానీ, పిల్లలు గొడవ లేకుండా వస్తున్నారు కదా అని ఊరుకునేవాళ్లు.

1987 మొదట్లో దక్షిణపు ఆకాశంలో ఒక నక్షత్రం పేలింది. టెలిస్కోపు లేకుండా మామూలు కంటికి కనపడేంత పేలుడు. ఇండియాలో ఉన్నవాళ్లకు సరిగ్గా కనపడదు, మనకే కనపడుతుందని అంకుల్ సంబరం అంతా ఇంతా కాదు. మే నెలలో ఒక శనివారం మా ఇంట్లో ప్రార్థన. ఇక్కడ మే అంటే చలికాలపు మొదలు, సాయంత్రం ఆరింటికే చీకటి పడిపోయింది. వంటింట్లో మేము కూరలు వేడి చేస్తుంటే ఆయన పిల్లలందరికీ కోట్లు తొడిగి పెరట్లోకి తీసుకెళ్లారు. నేనూ గరిటె పట్టుకునే వెనకాల వెళ్లాను. తోటల వైపు దీపాలు లేవు. ఆయన చెయ్యెత్తి చూపిస్తే, మసకమసగ్గా ఉన్న మేఘం లాంటి దాని పక్కన కొంచెం ఎర్రగా ఒక చుక్క. అంతే. నిజం చెప్పాలంటే నాకు పెద్ద గొప్పగా అనిపించలేదు.

"ఆ వెలుగు అక్కణ్ణించి బయల్దేరి లక్షన్నర ఏళ్లు దాటింది. నడిచి నడిచి ఇప్పటికి మన పెరట్లోకి వచ్చింది" అన్నారు అంకుల్.

సంఘ పెద్దగారి అమ్మాయికి అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. చురుకైన పిల్ల. "సో అంకుల్, ఇట్ బ్లూ అప్ బిఫోర్ ఆడమ్?" అంది.

"అవునమ్మా. ఆదాముకు చాలా ముందే" అని, జేబులోంచి పిప్పరమెంటు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

ఆ పిల్ల ఇంటికి వెళ్లి నాన్నను అడిగింది. మా సంఘంలో భూమ్యాకాశాలకు ఆరువేల ఏళ్లని నమ్మకం. మొదటి మనిషి ఆదాము నుంచి బైబిల్లోని వంశావళులు లెక్కగట్టి పెద్దాయన స్వయంగా గోడ పటం గీసి హాల్లో తగిలించారు. మరి ఆరువేల ఏళ్ల లోకంలోకి లక్షన్నర ఏళ్ల వెలుగు ఎలా వచ్చిందని పిల్ల అడిగితే, ఆయన మర్నాడే మిగతా పెద్దలందరికీ ఫోన్లు చేశారట.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లం వెనక బెంచీల్లో ఉన్నాం.

"దేవుడు వెలుగును దారి మధ్యలోనే సృష్టించి ఉండొచ్చు కదరా. ఆయనకు అసాధ్యమా?" అన్నారు పెద్దాయన.

"అసాధ్యం కాదు. కానీ అట్టాగైతే ఆ నక్షత్రం పేలనే లేదు. పేలని దాన్ని పేలినట్టు మనకు చూపించాడన్నమాట. దేవుడు మోసం చేశాడని నేను పిల్లలకు ఎట్టా చెప్పను?"

"వాక్యంలో ఆరు దినాలని ఉంది. అది వదిలేస్తే తర్వాత ఏది వదలమంటావు? లోకం అంత పాతదైతే ఆదాముకు ముందే జీవులు పుట్టి చచ్చాయి. ఆదాముకు ముందే చావుంటే, చావు ఆదాము పాపం వల్ల రాలేదనేగా? మరి ప్రభువు సిలువెక్కింది దేనికి?" పెద్దాయన బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఈ దేశంలో మన పిల్లలు చేతుల్లోంచి జారిపోతున్నార్రా. భాష పోయింది. తిండి పోతోంది. పట్టుకోడానికి వాళ్లకు ఈ ఒక్క పుస్తకమే ఉంది. దాన్ని కూడా నువ్వే వదులు చేస్తే?"

ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నారు. అందుకే ఈ రోజుకీ ఆయన్ని గట్టిగా తిట్టుకోవడం నా వల్ల కావడం లేదు. ఎన్నోసార్లు ప్రయత్నించాను.

అంకుల్ ఆయన వైపు తిరిగి, "పుస్తకాన్ని నేనూ నమ్ముతాను. ఆ వెలుగును కూడా ఆయనే పంపాడు. రెండింట్లో ఒకటి అబద్ధమని నాచేత అనిపించొద్దు" అన్నారు.

అంకుల్ చేతుల్లోంచి సండే స్కూలు తీసేశారు. అది చాలదని బల్ల కూడా ఆపారు. మా వాళ్లకు తప్ప బయటివాళ్లకు ఈ శిక్ష బరువు తెలియదు. ప్రభువు బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ కలిసి తీసుకోవడం. బల్ల ఆపారంటే నువ్వు వచ్చి కూర్చోవచ్చు, పాడొచ్చు, కానుక వెయ్యొచ్చు. రొట్టె పళ్లెం మాత్రం నిన్ను దాటుకుని పోతుంది. సంఘం ముందు నిలబడి "పొరపాటుగా బోధించాను" అని ఒప్పుకుంటే ఆ వారమే మళ్లీ ఇస్తారు.

వేరే చర్చికి వెళ్లిపోండని నేనే ఆయనకు చెప్పాను. వెర్రిబీలో చర్చిలకు కొదవా? "వాళ్ల పాటలు బావుంటాయమ్మా. కానీ నేను ఏడవాలంటే తెలుగు పాటే కావాలి" అన్నారు. ఎవరినీ ఒక్క మాట అనకుండా ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసేవారు. ఆంటీ పక్కన కూర్చునేవారు. పళ్లెం వచ్చేది. ఆంటీ ఒక ముక్క తీసుకుని, ఆయన ఒడి మీదుగా చెయ్యి చాపి అవతలివాళ్లకు అందించేది. ఆ క్షణంలో ఆయన కుర్చీని కాస్త వెనక్కి జరుపుకునేవారు, ఆమె చేతికి అడ్డం కాకుండా. అది చూడలేక నేను హాలుకు వెళ్లడం తగ్గించేశాను. ఇప్పుడు దాదాపు మానేశాను. నా దేవుడు ఎక్కడున్నాడో నాకు సరిగ్గా తెలియదు. ఆ పళ్లెంలో మాత్రం లేడనిపిస్తుంది.

అసలు కష్టం ఆంటీది. ఆమెది అచ్చం పెద్దాయన నమ్మకమే. ఆరు దినాలంటే ఆరు దినాలే, ఆరువేలంటే ఆరువేలే. మొగుడంటే ప్రాణం. ఒకరోజు వాళ్ల వంటింట్లో చేపలు బాగుచేస్తూ ఉన్నట్టుండి అంది: "ఈయన బల్ల లేకుండా పోతే, పరలోకంలో నేనొక్కదాన్నే ఏం చేసేదే?" నేను నవ్వించబోయాను. "అక్కడా ఈయన కుర్చీలు సర్దుతూ ఉంటారులే ఆంటీ" అన్నాను. ఆమె నవ్వలేదు. "నువ్వు నమ్మవు గాబట్టి నీకు ఆటగా ఉంది" అంది. అది నిజం. నమ్మనివాళ్లకు ఆ భయం ఎంత లోతో ఎప్పటికీ అందదు.

ఆమె బతిమాలితే అంకుల్ అన్నీ చేసేవారు. చెప్పిన మందులు వేసుకునేవారు, వద్దంటే ఉప్పు మానేశారు. ఈ ఒక్కటి తప్ప. "దేవుడికి తొందర్లేదే. తొందరంతా మనదే" అని ఆమెను ఊరుకోబెట్టేవారు.

క్రిందటి వేసవిలో కడుపునొప్పి అన్నారు. చూపించేసరికే క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. ఎన్నాళ్లో డాక్టరు చెప్పకముందే, రిపోర్టు చూసి నాకు తెలిసిపోయింది. ఆయన తీగలా అయిపోయారు. ఇస్త్రీ చొక్కాలో మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

జూన్ చివర, అంకుల్‌ను చేర్చిన ఆసుపత్రికి పెద్దాయన వచ్చారు. నేను దిండ్లు సర్దుతున్నాను. ఆంటీ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. పెద్దాయన చేతిలో చిన్న సంచీ. అందులో రొట్టె, ద్రాక్షరసం సీసా. తనంతట తానే తెచ్చుకున్నారు, తోటి పెద్దలకు చెప్పకుండా.

"సంఘం ముందు వద్దురా" అన్నారు, మంచం పట్టె మీద తల ఆనించి. "నా ఒక్కడి ముందు అను. పొరపాటు అన్నానని. గట్టిగా కూడా వద్దు. ఇప్పుడే ఇచ్చేస్తా. నిన్ను ఇట్టా పంపించలేనురా."

"ఊరికే ఇయ్యరాదూ?" అన్నారు అంకుల్.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. కళ్లు కారిపోతున్నాయి. "నేను ఇచ్చేది కాదురా అది. నాది కాదు."

"అబద్ధమాడి తీసుకుంటే నాదీ కాదురా" అన్నారు అంకుల్.

"అనండి" అంది ఆంటీ. "నా కోసం అనండి. మాటేగా." ఆయన ఆమె వైపు చూశారు. అంతకాలంలో ఆయన ఓడిపోతారేమోనని నాకు అనిపించింది ఆ ఒక్కసారే. పెదవులు కదిలాయి కూడా. ఆ తర్వాత కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థించడం నేను మొదటిసారి చూశాను. ప్రార్థనేనా, అలసటేనా, ఇప్పటికీ తెలియదు. పెద్దాయన సంచీ పట్టుకుని లిఫ్టు దాకా వెళ్లి, తిరిగి రాబోయి, ఆగి, వెళ్లిపోయారు.

తర్వాత రెండు వారాలు కూడా బతకలేదు. సమాధి కార్యక్రమం సంఘం జరపలేదు. ఆసుపత్రికి వచ్చిపోయే ఇంగ్లీషు పాదిరిగారు వచ్చి, అంకుల్ పేరు నానా తిప్పలు పడి పలికి, ఎవరికైనా సరిపోయే నాలుగు మంచి మాటలు చదివి వెళ్లారు. సంఘంవాళ్లు అందరూ వచ్చారు. ఇరుగుపొరుగులా, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. తెలుగు పాట ఎత్తేవాళ్లు లేరు. నాకు పాడటం రాదు. ఏడవాలంటే తెలుగు పాట కావాలన్న మనిషిని పాట లేకుండా మట్టిలో పెట్టాం. ఆ కోపం నాకు పోదు.

పోయిన నెల ఆంటీని సమాధి రాళ్ల దుకాణానికి నేనే తీసుకెళ్లాను. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు రాసుకుని, కింద ఏం చెక్కాలని అడిగాడు అక్కడి అబ్బాయి. మా వాళ్ల రాళ్లన్నిటి మీదా ఉండే మాట ఒకటే: ప్రభువునందు నిద్రించెను. అంటే దేవుడి దగ్గరికే చేరాడని. ఆంటీ నా వైపు తిరిగింది.

"పెద్దాయన్ని అడిగానే. 'నీకు నిజమనిపిస్తే రాయించమ్మా, నన్నడక్కు' అన్నాడు. నాకు తెలీదే. తెలీకుండా రాయిస్తే అబద్ధమవుతుంది. ఈయనేమో అబద్ధం ఒప్పుకునే మనిషి కాదు." ఆ అబ్బాయి చేతిలోని కాగితం వైపు చూపించింది. "ఖాళీగా ఉంచమని చెప్పు."

మొన్న గురువారం రాయి నిలబెట్టారు. నల్లటి నునుపు రాయి. పైన పేరు, రెండు ఏళ్లు. కింద సగానికి పైగా ఏమీ లేదు. సన్నగా జల్లు పడి వెలిసింది. ఆంటీ కొంగుతో పేరు మీది నీళ్లు తుడిచి, కింది ఖాళీని కూడా ఆ చివర నుంచి ఈ చివరకు, ఒక్కో వరుసే, అక్కడేదో రాసి ఉన్నట్టు తుడుస్తూ కూర్చుంది.