గచ్చు మేస్త్రి కోసం లక్సెట్టిపేట దాకా

లక్సెట్టిపేటను చూద్దామని ఎవరూ బయల్దేరరు. నేనూ అందుకు వెళ్లలేదు. 1964 ఎండాకాలం, బడికి సెలవులిచ్చిన రెండో వారం, కరీంనగర్‌లో మా నాలుగు దర్వాజాల హాలు కప్పు నుంచి, పైన ఆకాశం కనిపించేలా, చాపంత పెచ్చు ఊడి కింద పడింది. హాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండటం వల్ల మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు, గబ్బిలాలు మాత్రం రెండు రోజులు పరేషానయ్యాయి. నాలుగో రోజు మున్సిపాలిటీ వాళ్లు తలుపుకు నోటీసు అంటించి పోయారు. వానాకాలం మొదలయ్యేలోపు కప్పు బాగు చేసి చూపించాలి, లేకపోతే కూల్చేస్తారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పక్కనే బడిపిల్లలు నడిచే దారి ఉంది. హాలు మరమ్మతు సంఘానికి కార్యదర్శిని నేను. నిజం చెప్పాలంటే సంఘంలో మిగిలిందీ నేనొక్కణ్ణే.

ఆ హాలును నిజాం కాలంలో మా నాలుగు వాడల వాళ్లు కట్టుకున్నారు. ఏ వాడ నుంచి వచ్చేవాళ్లు ఆ వైపు నుంచే లోపలికి రావడానికి నాలుగు వైపులా నాలుగు దర్వాజాలు పెట్టుకున్నారు. హిందువుల పెళ్లిళ్లూ తురకోళ్ల నిఖాలూ అక్కడే జరిగేవి, ఎవరైనా పెద్దమనిషి పోతే సంతాపసభా అక్కడే. నేను పంతులునయ్యాక రాత్రి బడి కూడా అందులోనే నడిపాను. టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఇటుక, అన్నిటి పైన గచ్చు. గచ్చు అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది: సున్నమూ ఇసుకా గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి కప్పు మీద పరుస్తారు. తర్వాత నలభై మంది ఆడవాళ్లు వరుసలుగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. మా అమ్మ గంగవ్వ, మా వైపు అవ్వ అంటాం, ఆ నలభై మందిలో ఒకతె. అంతటితో అయిపోదు. ఏటా మృగశిర కార్తెకు ముందు ఆడవాళ్లంతా మళ్లీ కప్పెక్కి, కిందటి వానలకు కారిన చోటల్లా కొత్త గచ్చు వేసి కొట్టేవాళ్లు. ఆ రోజు హాల్లోనే వంటలు. చిన్నప్పుడు నాకు దసరా కంటే ఆ రోజే ఇష్టం.

ఆ కప్పు వేయించిన ఇమామ్ మేస్త్రి ఇంకా బతికే ఉన్నాడనీ, లక్సెట్టిపేటలో బిడ్డ దగ్గర ఉంటున్నాడనీ విన్నాను. ఊడిపడ్డ పెచ్చులోంచి ఒక ముక్క తువాలలో మూట కట్టుకుని, తెల్లవారి అయిదు గంటల బస్సుకు పెద్దపల్లి బయల్దేరాను. టికెట్టు రూపాయికి కొంచెం తక్కువ. కిటికీ పక్కన చోటు కావాలంటే అరగంట ముందే వెళ్లి తువాల వేసుకోవాలి, నా తువాలకు వేరే పని ఉండటంతో నిలబడే వెళ్లాను.

"గా మూటల ఏమున్నది సారు, గింత బరువున్నది?" అన్నాడు కండక్టరు.

"మిద్దె పెచ్చు."

"ఎవ్వల మిద్దె?"

"అందరిది."

"అందరిదంటే ఎవ్వలది కానట్టే. సరే తియ్యి, దానికి టికెట్టు కొట్టను" అని ముందుకు పోయాడు. నవ్వాను కానీ ఆ మాట నన్ను పెద్దపల్లి దాకా వదల్లేదు.

పెద్దపల్లిలో ప్యాసింజరు ఎనిమిదికి రావాలి, తొమ్మిదికి వచ్చింది. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద బండి మెల్లగా పోతుంది. ఎండాకాలం కదా, ఇసుకే ఎక్కువ, నీళ్లు ఒక పక్కన పాయగా కనిపించాయి. ఆవలి ఒడ్డున మంచిర్యాల. సిమెంటు కార్ఖానా పొగగొట్టం స్టేషన్‌కు ముందే కనిపిస్తుంది. పెట్టెలో ఉన్న వాళ్లు దాన్ని పిల్లలకు చూపించారు. నేను తల తిప్పుకున్నాను. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

మంచిర్యాల నుంచి లక్సెట్టిపేటకు బస్సు గంటకు పైనే పడుతుంది, మధ్యాహ్నం పూట ఒక్క బస్సే ఉంటుంది, అది తప్పితే సాయంత్రం దాకా ఎదురుచూడాలి. దిగేసరికి ఒకటిన్నర. బస్సులు ఆగే చోట తాటాకు పందిరి కింద ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. రెండు రొట్టెలు, పచ్చిపులుసు. అంత ఎండలో అంతకంటే మంచి తిండి మరొకటి ఉండదు. మేస్త్రి ఇల్లెక్కడని అడిగాను.

"ఇమామ్ తాతనా? మసీదు ఎనుక సందుల ఉంటడు. గనీ ఆయన ఇప్పుడు మిద్దెలు కడ్తలేడు సారు. నా పొయ్యి కట్టింది ఆయననే" అంది, మసి పట్టిన పొయ్యిని గరిటెతో చూపిస్తూ. "పన్నెండేండ్లాయె, పగులు రాలే."

మేస్త్రి వాకిట్లో వేపచెట్టు నీడన మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి, చేతులు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆయన బిడ్డ జైనబ్ చెంబుతో నీళ్లిచ్చింది. కరీంనగర్ హాలు అనగానే ఆయన మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించాడు. మూట విప్పి ముక్క చేతికిచ్చాను. గోటితో కొట్టి విన్నాడు. అంచు గిల్లి నాలుక మీద వేసుకున్నాడు.

"గచ్చు మంచిగనే ఉన్నది. గింత కూడ చెడలే" అన్నాడు. మొహం వెలిగింది. నాకు కూడా ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు ముక్కను తిరగేశాడు. రెండో వైపు వేలు మందాన నున్నటి బూడిదరంగు పొర అంటుకుని ఉంది. దాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు.

"దీని మీద సిమెంటు ఎవడు పూసిండు?"

నేను పూయించాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, సిమెంటుకు పర్మిట్ దొరకడమే గగనమైన రోజుల్లో, మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, బండ్ల మీద బస్తాలు తెప్పించి, హాలు ముందు దించినప్పుడు నాకు పూలదండ వేశారు. ఇక ఆడవాళ్లు ఏటా ఎండలో కప్పెక్కి నడుములు విరగ్గొట్టుకోనక్కర్లేదని నేనే ఉపన్యాసం ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అవ్వ మాత్రం కొట్టలేదు. "నా చెక్క ఏం చెయ్యాలె కొడుకా?" అని అడిగింది. పొయ్యిలో పెట్టుకోమన్నాను.

అవన్నీ మేస్త్రికి చెప్పలేదు. "అప్పటి కమిటీ వాళ్లెవరో పూయించారట" అన్నాను. యాభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషిని, పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పే పంతులును, అంత సులువుగా నోటికి అబద్ధం వచ్చింది.

ఆయన తల ఊపాడు. "సున్నం నీళ్లు తాగుతది సారు, ఎండకు మల్ల కక్కుతది. సిమెంటు మూత. ఏడనో ఒక్క వెంట్రుక పగులొస్తది, నీళ్లు లోపలికి వోతయి, మల్ల బయటికి రానీకి తొవ్వ ఉండది. గా నీళ్లు ఏడికి పోవాలె? దూలాలే తాగాలె."

"బాగవుతుందా?"

"దూలాలు గట్టిగుంటే అయితది. జర చూడాలె." ముక్కను నాకు తిరిగిచ్చి, "మీ అవ్వ ఎవ్వలు?" అన్నాడు. చెప్పాను. "గంగవ్వ కొడుకువా! నడిమి వరుసల కూసునేది. ఆమె చెక్క ఆపితే నలభై మంది ఆపేటోళ్లు. కప్పు పలికిందా లేదా నేను చెప్పకముందే ఆమెకు ఎర్క" అన్నాడు. గచ్చు గట్టిపడ్డాక దెబ్బకు వచ్చే శబ్దం మారుతుందట, దాన్ని పలకడం అంటారు. అవ్వ పోయి మూడేళ్లయింది. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగితే కదా.

జైనబ్‌కు తండ్రిని పంపడం ఇష్టం లేదు. "గీ ఎండల ఏడికి, బాపు?" అంది. ఆయన అప్పటికే సంచిలో తాపీ పెట్టుకుంటున్నాడు. సాయంత్రం బండిలో ఆయన మాటలు వింటుంటే నాకు మళ్లీ ఆశ పుట్టింది. కరక్కాయలు ఆదిలాబాద్ అడవి నుంచి తెప్పించాలన్నాడు, సిమెంటు పొర మెల్లగా గీకి తీయాలన్నాడు, నలభై రోజుల పని అన్నాడు. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. మృగశిరకు కొంచెం దాటినా అడిగి గడువు తెచ్చుకోవచ్చు. పెద్దపల్లి స్టేషన్‌లో పడుకుని, పొద్దున మొదటి బస్సుకు కరీంనగర్ చేరాం.

హాలు ముందు ఆయన చెప్పులు విడిచాడు. లోపలికి వెళ్లి పైకి చూస్తూ ఒక చుట్టు తిరిగాడు. నేను నిచ్చెన పట్టుకుంటే ఎక్కి, దూలం గోడలోకి దిగే చోట తాపీ మొన గుచ్చాడు. మాగిన సీతాఫలంలో దిగినట్టు పిడి దాకా దిగింది. రెండో దూలమూ అంతే. మూడోది గుచ్చకుండానే చేత్తో తడిమి ఊరుకున్నాడు. బయటి నుంచి రంగు వేసిన ఆ దూలాలు ఎంత బాగుండేవో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ మందు వేసినవాణ్ణి నేనే, దండ వేయించుకున్నవాణ్ణీ నేనే.

ఆయన కిందికి దిగాక ఇంక ఆగలేకపోయాను. "మేస్త్రీ, సిమెంటు పూయించింది నేనే" అన్నాను.

"ఎర్కనే సారు. వేరేటోడు చేసిన తప్పుకు గంత ఎండల గంత దూరం ఎవడొస్తడు?"

తిట్టినా బాగుండేది. తలుపు పక్కన గడప మీద కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను. దూలాలు మార్చే వీలుందని, టేకు దొరుకుతుందని, గచ్చు కలపడం ఎవరికైనా నేర్పుతానని తనే అన్నాడు. "గనీ కొట్టేటోళ్లు ఏరి?"

"కూలీలను పెడదాం."

"కూలోళ్లు పొద్దుగూకంగనే లేస్తరు. కప్పు పలికేదాక కూసోరు. తమ కప్పనుకున్నోళ్లే కూసుంటరు. నలభై మందిని తీసుకరా, గిప్పుడే పని షురూ చేస్త."

ఆ రోజంతా నాలుగు వాడలూ తిరిగాను. ఒక ఇంట్లో హాలు ఇంకా ఉందా అని అడిగారు. ఇంకో ఇంటి కోడలు, "గా హాలుతోని మాకేం పని సారు? పెండ్లయినంక ఒక్కపారి కూడ పోలే" అంది. ఆమె తప్పేముంది? ఏడేళ్ల కిందటే వాళ్లను కప్పు మీంచి దించేసింది నేను. తమ అవసరం లేని హాలుకు అందరూ రావడం మానేశారు. ముందు రాత్రి బడి ఆగిపోయింది, తర్వాత పెళ్లిళ్లు, చివరికి సంతాపసభలు కూడా. కప్పు కారినన్నాళ్లూ ఏడాదికొకసారైనా నాలుగు దర్వాజాలూ తెరుచుకునేవి.

సాయంత్రానికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ముసలమ్మలే, ముగ్గురి చేతుల్లోనూ పాత చెక్కలున్నాయి. ఒకామె తన చెక్కను ఇన్నాళ్లూ తలుపుకు అడ్డంగా పెట్టుకుందట. కప్పెక్కడానికి మెట్ల దగ్గరకు వెళ్లి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని దించారు. "మోకాళ్లు వస్తలేవు మేస్త్రీ" అంది తలుపు చెక్క ఆమె. ఆయన వాళ్లను లోపల నేల మీద కూర్చోబెట్టాడు. "గిక్కడనే కొట్టున్రి జరసేపు" అన్నాడు. ముగ్గురూ గచ్చు నేల మీద మెల్లగా కొట్టారు. నడుమ ఒకరి చోటు వదిలి కూర్చున్నారు. అది మా అవ్వ చోటని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నేను బయటికి వచ్చి ఏడ్చాను.

మర్నాడు మేస్త్రిని పెద్దపల్లి దాకా వెళ్లి బండెక్కించాను. చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు, బిడ్డకని రెండు సేర్ల బెల్లం కొనిస్తే తీసుకున్నాడు. మృగశిరకు నాలుగు రోజుల ముందు హాలు కూల్చారు. కప్పు కూలడానికి పెద్దగా కష్టపడాల్సి రాలేదు, దూలాలు లాగగానే వచ్చేశాయి. దర్వాజాలను వేలంలో ఎవరో కొనుక్కుపోయారు. ఆ స్థలంలో ఏం కడతారో తెలియదు. ఇప్పుడు నేను బడికి వేరే దారిన వెళ్తున్నాను, చుట్టు ఎక్కువే, అయినా సరే. మా అవ్వ చెక్క ఏమైందని ఇల్లంతా వెతికాను. నేను చెప్పినట్టే చేసి ఉంటుంది, ఎప్పుడూ నా మాట కాదనలేదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి పాత కట్టడం ఉండి, మేస్త్రిని వెతుక్కుంటూ ఈ దారిన వెళ్లాలనుకుంటే, చలికాలంలో వెళ్లండి, మంచిర్యాలలో పన్నెండు లోపు బస్సు అందుకోండి, ఊడిపడ్డ ముక్క ఒకటి తప్పకుండా పట్టుకెళ్లండి, మనం దాచినా అది దాచదు. అంతకంటే ముందు ఒక పని చేయండి: కారుతున్న కప్పును చూసి కంగారుపడి దాని మీద ఏమీ పూయకండి, ఏటా ఎవరు ఎక్కి బాగుచేస్తున్నారో వాళ్లను అడగండి. సిమెంటు పూసిన ఏడాది మా హాలు ఒక్క చుక్క కూడా కారలేదు. ఆ సంతోషంలో నాలుగు వాడలకూ నేనే జిలేబీ పంచాను.