సుగుణ టీచర్ నవ్వలేదు

నిన్న మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చిన మేఘన బ్యాగు దించడానికి వంగింది. నడుము మీంచి స్కర్టు జారబోతే చటుక్కున పట్టుకున్నాను. జూన్‌లో కొలతిచ్చి కుట్టించిన స్కర్టులోకి నా పిడికిలి మొత్తం దూరింది. వేళ్ళకు తుంటి ఎముక తగిలింది. "ఏం కాలేదు మమ్మీ, వదులు!" అని నా చెయ్యి తోసేసి లోపలికి పోయింది. పదమూడేళ్ళ పిల్ల. దాని వయసులో నా ఒళ్ళూ అలాగే ఉండేది.

రెండువేల నాలుగు, ఐదు ప్రాంతంలో మేం ఇదే సూరత్‌లో, అమ్రోలిలో ఉండేవాళ్ళం. నాన్న సచిన్ పారిశ్రామికవాడలో, బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో సూపర్‌వైజరు. ఆ ఏడు నేను ఎండిపోతూ వచ్చాను, తమ్ముడు శీను ఉబ్బుతూ వచ్చాడు. నాకు ముద్ద గొంతు దిగేది కాదు. వాడేమో అమ్మ చూడనప్పుడు డబ్బాలోని గాఠియా కారప్పూస గుప్పిళ్ళతో నోట్లో కుక్కుకునేవాడు. "అక్క వంతు గూడ నువ్వే మింగుతున్నవా రా?" అని వాడకట్టంతా నవ్వేది. వాడూ నవ్వి, మళ్ళీ డబ్బా దగ్గరికే పోయేవాడు.

సుగుణ టీచర్ మా తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పేవారు. నల్లగొండ మనిషి, గొంతు వరండా చివరిదాకా వినబడేది. ఎవడో శీనును "మోటూ" అన్నందుకు, "ఒకల ఒళ్ళు చూసి నవ్వెటోడు నా క్లాసుల కూసోవద్దు" అని బయటికి పంపిన మనిషి. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. నాన్న ఆమె ముందు కూడా ఆ వంతు హాస్యమే ఆడాడు. టీచర్ నవ్వలేదు.

"డాక్టర్‌కు చూపెట్టిండ్రా?"

"రక్తపరీక్షలు గూడ అయినయ్ టీచర్. ఇద్దరికీ ఏం లేదన్నరు. పిల్లది నఖరాలు, వాడిది నాలుక!" అన్నాడు నాన్న.

టీచర్ శీను వైపు తిరిగారు. "ఇంట్ల ఏమైతున్నదిరా?"

"మిల్లు మూస్తరంట. అమ్మ మమ్మల్ని ఇడిసి ఊరికి పోతదంట."

"గట్లని ఎవరన్నరురా?" అంది అమ్మ, తెల్లబోయి.

"మీరే. తలుపేసుకొని కొట్లాడుతరు గద. అక్క చెవి పెట్టి విని నాకు చెప్తది."

నాన్న తల దించుకున్నాడు. టీచర్ గొంతు తగ్గించారు. "ఇద్దరికీ పట్టింది ఒకటే భయం సార్. ఒకరికి కడుపు మూసుకపోయింది, ఒకరికి ఎంత తిన్నా నిండుతలేదు. పిల్లలు సగమే వింటరు. మిగతాది అంతకన్న ఘోరంగ అల్లుకుంటరు. ఉన్నది చెప్పుండ్రి."

"చెప్తే భయపడరా?"

"ఇప్పుడేం ధైర్యంగున్నరా?"

నాన్న చెప్పాడు. మిల్లు మూతపడే మాట నిజం, అమ్మ వెళ్ళిపోయే మాట అబద్ధం. ఆ రాత్రికే నేను కడుపునిండా తిన్నానని రాస్తే అది కథవుతుంది. నాకు నెలలు పట్టింది. శీనుకు ఏళ్ళు పట్టింది. కానీ ఆ రోజు తర్వాత నేను గోడకు చెవి ఆనించలేదు. టీచర్ ఇప్పుడు లేరు. పిల్లల ఒళ్ళు చూసినప్పుడల్లా ఇంట్లో ఏం జరుగుతోందని అడిగే అలవాటు మాత్రం నాకు వదిలి వెళ్ళారు.

నిన్న ఆ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. హజీరాలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో మనుషుల్ని పనిలోంచి తీసేస్తున్నారు. పిల్లలిద్దరూ హిందీ, గుజరాతీల్లో పెరిగారు, తెలుగు అంతంతమాత్రమే కదా అని మేం తెలుగులో పోట్లాడుకుంటున్నాం.

నిన్న సాయంత్రమే డాక్టరు మేఘనకు రక్తపరీక్షలు రాసిచ్చారు. ఫలితం రేపు. ఇది భయం కాక మరేదైనా జబ్బయితే? అందుకే నిద్ర రాక ఇది రాస్తున్నాను. అయినా ఫలితం వచ్చేదాకా ఆగలేక, ఈ పొద్దున్నే మేఘననూ దాని తమ్ముడు చింటూనూ చెరో పక్కన కూర్చోబెట్టుకుని హిందీలో చెప్పాను: "నాన్న ఉద్యోగం పోవచ్చు. పోతే చిన్న ఇంటికి మారతాం, నలుగురం కలిసే మారతాం. నాకూ భయంగానే ఉంది. మీకేం వినబడిందో చెప్పండి. మిగతాది నేను చెప్తాను."