ఉలవ పొట్టు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఉలవల కల్లమంటే తారు రోడ్డే. ఆత్మకూరు నుంచి వనపర్తికి పోయే ఆ రోడ్డు మీద, పీకిన ఉలవ చెట్లను మందంగా పరిచేవాళ్లం. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలేవి. ఎడ్ల పని తప్పేది. బండ్లవాళ్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు. తిట్లు ఒంటికి అంటుకుంటాయా అనేవాడు మా నాయన.

మా పక్కింటి మామకు ఒక పాత తెల్లకారు ఉండేది. పెళ్లికైనా, కాన్పుకైనా, దవాఖానకైనా ఊరందరికీ అదే దిక్కు. ఉలవల కాలం వచ్చిందంటే ప్రతి సాయంత్రం ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ మీదున్న గుండ్రటి డబ్బా మూత తీసేవాడు. లోపల మడతలు మడతలుగా కాగితపు చట్రం ఉండేది. దాన్ని అరుగు అంచుకు మెల్లగా తట్టి, లోపలి వైపు నుంచి నోటితో ఊది, పొట్టంతా రాల్చేవాడు. చుక్క నీరు తగలనిచ్చేవాడు కాదు, కాగితం పాడైపోతుందని. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. "గిది బండికి ముక్కు, బిడ్డా. ముక్కు మూసుకుపోతే ఎవలైనా ఎట్ల నడుస్తరు?" అని ఓసారి చెప్పాడు.

ఒకరోజు పొద్దున్నే అమ్మ రోడ్డు మీద పరవడానికి ఉలవ కుప్పలో చేయి పెట్టింది. లోపలున్న పాము కాటేసింది. నాయన మామ ఇంటికి పరుగెత్తాడు. మామ ఎక్కడో పెళ్లివాళ్లను దింపి అప్పుడే వచ్చి పడుకున్నాడట. డబ్బా విప్పి దులపనే లేదు. ముఖం కూడా కడుక్కోకుండా బండి తీశాడు.

ఊరు దాటేదాకా రోడ్డంతా ఉలవలే, అందులో అన్నిటికన్నా మందంగా ఉన్నవి ముందురోజు మేం పరిచినవే. కారు వాటిని తొక్కుకుంటూ పోతుంటే లేచిన దుమ్ముకు ముందు దారి కనిపించలేదు. నా ఒళ్లో తల పెట్టుకున్న అమ్మ నిద్రొస్తుందంటోంది. పండనియ్యకు, మాట్లాడించు అని నాయన. ఏం మాట్లాడను? పిచ్చిదానిలా బర్రె గురించి, దూడ గురించి చెబుతూ కూర్చున్నాను. మిట్ట ఎక్కేచోట కారు దగ్గి దగ్గి, నల్లటి పొగ వదిలి ఆగిపోయింది.

పెట్రోల్ అందడం లేదనుకుని మామ ముందు పైపు విప్పి ఊదాడు. బండి అందుకుని మళ్లీ ఆగింది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, లారీ లేదు. అమ్మను నాయన పట్టుకుని, ఏదైనా బండి వస్తే ఆపమని నన్ను కిందికి దింపాడు. అప్పుడే మామ డబ్బా మూత తీశాడు. కాగితం కనిపించనంతగా లోపలంతా ఉలవ పొట్టు. ఆయన పిడికెడు తీసి చూశాడు, వెనక సీట్లో ఉన్న నాయన వైపు చూశాడు. పిడికిలి మూసి జేబులో పెట్టుకున్నాడు. చెప్పకు అన్నట్టు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ చట్రం లేకుండానే బండి నడిపాడు.

వనపర్తి దవాఖానలో డాక్టరు అమ్మ చేయి పట్టుకుని చూసి వదిలేశాడు. జర ముందు తెస్తే బతుకుతుండె అన్నాడు. ఎందుకాగింది నీ బండి అని నాయన మామ అంగీ పట్టుకున్నాడు.

"ఖరాబు బండి. నేనే చూసుకోకపోతి. తప్పు నాదే," అన్నాడు మామ.

ఆ మాట మాకన్నా ముందే ఊరు చేరింది. ఇక ఆ కారు ఎవరూ ఎక్కలేదు. అంతదాకా అదే దిక్కన్న ఊరు ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంది. చివరికి కారు అమ్ముకుని, మేస్త్రీ వెంట బొంబాయి కూలికి బయల్దేరారు మొగుడూ పెళ్లామూ. తాళం వేస్తున్న మామ దగ్గరికి పోయి, ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"మీ అమ్మ పోయింది. గీ పొట్టు సంగతి తెలిస్తే మీ నాయన గూడ బతకడు. నువ్వెవలకాడ ఉంటవు?"

అంతే అన్నాడు. మళ్లీ ఊరికి రాలేదు. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెల్వదు.

మరుసటి ఏడు నాయన చేనులోనే ఒక మూల చదును చేసి, పేడతో అలికి, ఎడ్లతో ఉలవలు తొక్కించాడు. అందరూ రోడ్డు మీద వేస్తుంటే నీకేం తెగులని నవ్వారు. ఆయన బతికినన్నాళ్లూ ఒక్క ఉలవ చెట్టు రోడ్డు మీద పడనివ్వలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని మాత్రం, నా ఇల్లు ముంచినోడు అని తాళం వేసిన ఆ ఇంటికేసి చూసి తిట్టేవాడు. మా నాయనకు తెలుసు. తెలిసే తిట్టాడు. తిట్టకపోతే బతకలేడని నాకూ తెలుసు. అందుకే పొట్టు సంగతి నేనూ దాచాను. ఆ ఒక్క అబద్ధం మీద మా బతుకులు నిలబడ్డాయి, మామ బతుకు కూలిపోయింది. ఏది ధర్మమో ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు.

ఇప్పుడు మా అబ్బాయికి కారుంది. ఇప్పటికీ రోడ్ల మీద ఉలవలు పరుస్తూనే ఉన్నారు. చలికాలం రాగానే బానెట్ ఎత్తించి, ఇంజన్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా విప్పించి, ఫిల్టర్ నేనే తట్టి దులుపుతాను. సర్వీసింగ్‌లో వాళ్లు చూస్తారమ్మా అని విసుక్కుంటాడు. వాడికేం తెలుసు? అరచేతిలో చిటికెడు పొట్టు రాలగానే నా పిడికిలి దానంతటదే మూసుకుంటుంది. ఎవరికి చూపించకూడదో ఆ నాయన పోయాడు. నీ తప్పు కాదని ఎవరికి చెప్పాలో ఆ మామ ఎక్కడున్నాడో తెల్వదు.